ఓర్చుకుంటే చాలా, గౌరవించాలా?

తెరచాప

మనకంటే వేరుగా ఉన్నవాళ్ళతో ఎలా మెలగాలి అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరం సహనం దగ్గరే ఆగిపోతున్నాం. వేరే మతం, వేరే భాష, వేరే రకం శరీరం, వేరే రాజకీయం, ఏదైనా సరే, "కాస్త సహనం ఉండాలండీ" అని ఒకరంటారు, మిగతావాళ్ళు తలూపుతారు, చర్చ ముగుస్తుంది. నేను మాత్రం తలూపలేను. సాటి మనుషుల విషయంలో సహనం చాలదని నా వాదన. అక్కడే స్థిరపడిపోతే అది ఎదుటివాళ్ళని చిన్నబుచ్చడం కూడా.

నచ్చినదాన్ని ఎవరూ ఓర్చుకోరు కదా, ఆస్వాదిస్తారు. నచ్చనిదాన్నే ఓర్చుకుంటాం. అందులోనూ ఆపగలిగి ఉండి ఆపకపోతేనే అది సహనం. ఆపే శక్తి లేక ఊరుకుంటే నిస్సహాయత. అంటే నేను ఒకరిని సహిస్తున్నానంటే రెండు సంగతులు ముందే తేల్చేసుకున్నానన్నమాట. ఆ మనిషి ఉండే తీరు తప్పు, ఆ మనిషిని అలా ఉండనివ్వడం నా చేతిలో పని. ఈ రెండూ మనసులో పెట్టుకుని నేను ఎంత నవ్వుతూ పలకరించినా ఎదుటివాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

ఇంగ్లండ్‌లో 1689లో సహన చట్టం తెచ్చారు. అధికార చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లు తమ మందిరాల్లో తాము ప్రార్థన చేసుకోవచ్చన్నారు. కేథలిక్కులకు ఆపాటి కూడా దక్కలేదు. దక్కినవాళ్ళకైనా ప్రభుత్వ పదవులకు అడ్డంగా ఉన్న చట్టాలు అలాగే ఉండిపోయాయి. వాటిని రద్దు చేసింది 1828లో, అంటే 139 ఏళ్ళ తర్వాత. మీ ప్రార్థన మీరు చేసుకోండి గానీ మా సరసన కూర్చోవద్దు అని ఒక రాజ్యం అన్నేళ్ళు చెప్పగలిగింది, చెబుతూనే తనని తాను సహనశీలిగా భావించుకుంది. సహనం కాలక్రమంలో దానంతటదే గౌరవంగా మారుతుందని నమ్మేవాళ్ళు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

నాతో ఏకీభవించనివాళ్ళు తప్పకుండా రాయండి.

నల్లకోటు

తెరచాప గారూ, మీ ఆవేదన అర్థమవుతోంది. కానీ మీరు సహనాన్ని చులకన చేశారు. ప్రాణం నిలబెట్టేదాన్ని చులకన చేయడం ప్రాణాపాయం లేనివాళ్ళకే సాధ్యం.

1762లో ఫ్రాన్సులోని తులూజ్‌లో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంటు వ్యాపారిని బండిచక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. కొడుకు కేథలిక్ మతంలోకి మారబోతుంటే తండ్రే చంపేశాడని అభియోగం. ఆధారాలు లేవు. ఆయన మతం అంటే ఊళ్ళో ఉన్న ద్వేషమే ఆధారం. రచయిత వోల్టేర్ ఆ కేసు పట్టుకుని పోరాడితే 1765లో కలాస్ నిర్దోషి అని తేల్చారు, అప్పటికి మనిషి లేడు. ఆ ఊరివాళ్ళు కలాస్‌ని గౌరవించాలని నేను అడగను. ఆయన నమ్మకాన్ని తప్పనుకుంటూనే, ఆయన్ని ఇష్టపడకుండానే, చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటే ఆయన బతికేవాడు. సహనం చేయగలిగిన పని అది. గౌరవం పుట్టేదాకా ఆగాలంటే శవాలు లేస్తాయి.

రెండో సంగతి. గౌరవం మనసులో పుట్టేది. చట్టం మనసులోకి తొంగిచూడలేదు, చూడకూడదు కూడా. "కొట్టకు, తరిమేయకు, ఉద్యోగం నిరాకరించకు" అని చట్టం శాసించగలదు. "గౌరవించు" అని శాసించే రాజ్యం వస్తే మొదట భయపడేది నేనే.

మన సుప్రీంకోర్టు 1986 తీర్పు ఒకటి గుర్తుచేస్తాను. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వస్తున్నప్పుడు లేచి నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. పాడటం వాళ్ళ విశ్వాసానికి విరుద్ధం. 1985లో బడి నుంచి తీసేశారు. పాడి తీరాలనే చట్టమేదీ లేదని, నిలబడటమే మర్యాద చూపడమని కోర్టు చెప్పి వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ తీర్పు చివర రాసిన మాటలు చాలామందికి తెలిసే ఉంటాయి. మన సంప్రదాయం నేర్పేది సహనం, మన తత్త్వం బోధించేది సహనం, మన రాజ్యాంగం పాటించేది సహనం, దాన్ని పలచన చేయొద్దు అన్నారు. అంత పెద్ద న్యాయమూర్తి సరిగ్గా అవసరమైన చోట ఎంచుకున్నది సహనాన్నే.

ఏకాంతవాసి

నాకు ఈ రెండూ ఎక్కువే అనిపిస్తోంది. పక్కవాళ్ళు ఎలా బతుకుతున్నారో నేను పట్టించుకోను. ఓర్చుకోవాల్సిన అవసరమూ లేదు, గౌరవించాల్సిన అవసరమూ లేదు. వాళ్ళ బతుకు వాళ్ళది. అందరూ ఇలా ఉంటే గొడవలే ఉండవు.

తెరచాప

ఏకాంతవాసి గారూ, పట్టించుకోకపోవడం ఎవరి జోలికీ వెళ్ళాల్సిన పని లేనివాళ్ళకి కుదురుతుంది. ఇల్లు అద్దెకి కావాలన్నా, ఉద్యోగం కావాలన్నా, బిడ్డని బడిలో చేర్చాలన్నా ఎవరో ఒకరు పట్టించుకోవాలి. అప్పుడు మీ ఉదాసీనత ఎటు మొగ్గుతుందో అదే అసలు ప్రశ్న.

నల్లకోటు గారూ, మీ రెండు ఉదాహరణలూ నా పక్షానే సాక్ష్యం చెబుతున్నాయి. ఆ పిల్లల్ని కోర్టు దయతలచి కాపాడలేదు. భావ ప్రకటన స్వేచ్ఛ, మత స్వేచ్ఛ, ఈ రెండు హక్కులూ వాళ్ళకి ఉన్నాయని కాపాడింది. తీర్పు చివర ఉన్నది సహనమే అయినా దాన్ని నిలబెట్టినది హక్కు. బడివాళ్ళ సహనానికే వదిలేసి ఉంటే పిల్లలు బయటే ఉండేవారు.

కలాస్ దాకా కథ ఎలా వచ్చిందో కూడా చూడండి. ఫ్రాన్సులో ముప్పై ఏళ్ళు దాటిన మతయుద్ధాల తర్వాత 1598లో నాలుగో హెన్రీ నాంట్ శాసనం ఇచ్చాడు. ప్రొటెస్టెంట్లు ఫలానా చోట్ల ప్రార్థన చేసుకోవచ్చు, పదవులు చేపట్టవచ్చు అన్నాడు. ఆ కాలానికి అది గొప్ప పనే, కాదనను. కానీ అది రాజు ఇచ్చిన వరం. 1685లో ఆయన మనవడు పద్నాలుగో లూయీ దాన్ని రద్దు చేశాడు. మందిరాలు కూల్చారు, సుమారు 2 లక్షల మంది దేశం వదిలి పారిపోయారని చరిత్రకారుల అంచనా. తాత ఇచ్చాడు, మనవడు తీసుకున్నాడు. 87 ఏళ్ళు వాళ్ళు బతికింది సొంత దేశంలో కాదు, ఒకరి అనుమతిలో. కలాస్ చనిపోయింది సహనం లేకపోవడం వల్లే, నిజమే. ఉన్న సహనాన్ని వెనక్కి తీసుకునే వీలు ఉండటం వల్ల కూడా.

అందుకే 1776లో అమెరికాలోని వర్జీనియాలో హక్కుల ప్రకటన తయారవుతున్నప్పుడు జరిగిన చిన్న మార్పు నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. జార్జ్ మేసన్ చిత్తుప్రతిలో మతం విషయంలో అందరికీ పూర్తి సహనం చూపాలని ఉంది. అప్పటికి పాతికేళ్ళ కుర్రాడైన జేమ్స్ మాడిసన్ అడ్డుపడి, తమ మతాన్ని స్వేచ్ఛగా పాటించే హక్కు అందరికీ సమానంగా ఉందని మార్పించాడు. మేసన్ చెడ్డవాడేం కాదు, సహనమే ఆ రోజుల్లో మంచివాళ్ళ భాష. ఆ భాషలో ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు మిగిలిపోతారని ఆ కుర్రాడు పసిగట్టాడు. (అదే వర్జీనియాలో అదే సమయంలో బానిసలుగా ఉన్నవాళ్ళకి ఈ సమానత్వం వర్తించలేదు. మేసన్, మాడిసన్ ఇద్దరూ బానిసల యజమానులే. ఈ సంగతి దాచి ఆ ఉదాహరణ వాడటం నాకు ఇష్టం లేదు.)

చినుకు

ఒక సూటి ప్రశ్న. నన్ను తక్కువగా చూసేవాళ్ళని, నా పుట్టుకనే అసహ్యించుకునేవాళ్ళని కూడా నేను గౌరవించాలా? వాళ్ళూ నాకంటే "వేరుగా ఉన్నవాళ్ళే" కదా. వాళ్ళని ఓర్చుకుంటున్నదే ఎక్కువ అనిపిస్తుంది.

పాతపలక

చినుకు గారు అడిగినది తప్పించుకోకూడని ప్రశ్న. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినవాడిగా నాకు తెలిసినంతలో చెబుతాను.

గౌరవం అని మనం రెండు వేర్వేరు వాటిని అంటాం. స్టీఫెన్ డార్వాల్ అనే తత్త్వవేత్త 1977లో ఈ తేడాని విడమరిచాడు. ఒకటి, మనిషి అయినందుకే చెల్లించాల్సినది. దానికి అర్హత పరీక్ష లేదు. నేరస్తుణ్ణి విచారణ లేకుండా శిక్షించకూడదంటాం, అతని మీద మనకి మెప్పు ఉండి కాదు. రెండోది మెప్పు. ఒకరి నడవడి, ప్రతిభ, నిజాయితీ చూసి కలిగేది. అది సంపాదించుకోవాల్సినది, పోగొట్టుకోగలిగినది కూడా.

మీరు మొదటిది అందరికీ బాకీ ఉన్నారు, మిమ్మల్ని అసహ్యించుకునేవాళ్ళకి కూడా. రెండోది వాళ్ళకి పైసా కూడా బాకీ లేరు. వాళ్ళ అభిప్రాయానికైతే ఆ మొదటి రకం గౌరవం కూడా అక్కర్లేదు, ఎందుకంటే అభిప్రాయం మనిషి కాదు. దాన్ని చీల్చి చెండాడవచ్చు.

సహనానికి హద్దు ఉందా అంటే ఉంది. తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1945లో, ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాదిలో, అన్నదాని సారాంశం ఇది. హద్దులేని సహనం చివరికి సహనాన్నే మింగేస్తుంది. వాదనకి వాదనతో జవాబు ఇచ్చేంతవరకూ అసహనపరుల నోరు నొక్కనవసరం లేదు. వాళ్ళు వాదన వదిలి పిడికిలి ఎత్తితే అడ్డుకునే హక్కు మనకి ఉండాలి. ఈ మాటల్లో మొదటి భాగాన్నే పట్టుకుని నచ్చని ప్రతివాడి నోరూ మూయించాలని చూసేవాళ్ళు తగులుతుంటారు. రెండో భాగం చదవాలి.

గోరువంక

నాకు నత్తి ఉంది. ఇక్కడ రాతలో కనిపించదు కాబట్టి చెబితేనే తెలుస్తుంది.

వెక్కిరించేవాళ్ళ గురించి రాయను. వాళ్ళ గురించి ఎవరికీ సందేహం లేదు. నేను రాయాలనుకుంటున్నది మంచివాళ్ళ గురించి.

నేను పనిచేసిన ఒక చోట మీటింగుల్లో అందరూ నా కోసం ఆగేవారు. నా గొంతు ఒక అక్షరం దగ్గర పట్టేస్తే ఎవరూ గడియారం చూసేవారు కాదు. కళ్ళు కొంచెం దించుకుని, మొహంలో ఒక మెత్తదనం తెచ్చుకుని వేచి ఉండేవారు. నేను ముగించగానే "చాలా బాగా చెప్పారు" అనేవారు. తర్వాత మాట్లాడే మనిషి నేను చెప్పినదాన్ని తాకకుండా వేరే విషయంలోకి వెళ్ళిపోయేవారు. ఇది ఎంతకాలం జరిగినా నాకు తప్పు ఎక్కడుందో దొరికేది కాదు. ఇంత ఓపిక చూపించే మనుషుల మీద ఫిర్యాదు చేయడానికి నాకు నోరెలా వస్తుంది? కానీ ఇంటికి వచ్చేసరికి లోపల ఏదో కుంగిపోయి ఉండేది.

మెల్లగా గమనించాను. మిగతావాళ్ళు ఏదైనా ప్రతిపాదిస్తే ఇద్దరు ముగ్గురు వెంటనే కాదనేవారు. లెక్క తప్పన్నారు, ఖర్చు ఎక్కువన్నారు, గొంతులు లేచేవి, చివరికి ఏదో ఒకటి తేలేది. నా ప్రతిపాదనని ఎవరూ ఎప్పుడూ కాదనలేదు. ఒక్కసారి కూడా. దాన్ని అమలు కూడా చేయలేదు. నేను మాట్లాడటం వాళ్ళకి ఓ పరీక్ష, దాంట్లో వాళ్ళు మర్యాదగా నెగ్గేవారు. నేను ఏం మాట్లాడానన్నది వాళ్ళ దాకా చేరేదే కాదు.

తర్వాత కొత్తగా ఒక పై అధికారి వచ్చారు. నేను ఓ పద్ధతి మార్చాలని చెబితే ఆవిడ మొత్తం విని, "ఇది నడవదండీ. రెండో దశలో సమాచారం ఆలస్యమైతే తర్వాతి పనులన్నీ ఆగిపోతాయి. దానికి మీ దగ్గర ఏముంది?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు బిగుసుకుపోయారు. అందరూ ఆవిడ వైపు, "ఆయనతో అలా మాట్లాడతారా" అన్నట్టు చూశారు. నేను జవాబు చెప్పడం మొదలుపెట్టాను. ఆందోళనలో నత్తి ఇంకా పెరిగింది. ఆవిడ ఆగారు, కానీ ఆ మెత్తని మొహం పెట్టుకోలేదు, జవాబు కోసం నా వైపే సూటిగా చూస్తూ ఉన్నారు. నేను చెప్పినదాంట్లో సగం ఒప్పుకున్నారు, సగం తోసిపుచ్చారు. ఆ తోసిపుచ్చిన సగం గురించి నేను ఆ రాత్రంతా ఆలోచించాను, కోపంతో కాదు, ఓ సహోద్యోగితో వాదనలో ఓడిపోయినవాడు ఎలా ఆలోచిస్తాడో అలాగ. నాకు అంతకుముందు ఎప్పుడూ ఓడిపోయే అవకాశం రాలేదు.

కాబట్టి ఇక్కడ అందరూ చెబుతున్న తేడాకి నేను ఇంకోటి కలుపుతాను. నన్ను ఓర్చుకునేవాళ్ళు నాతో విభేదించరు. విభేదించేంత దగ్గరికి రారు. నన్ను గౌరవించేవాళ్ళు నా మాట తప్పయ్యే అవకాశాన్ని నాకు ఇస్తారు.

చినుకు

గోరువంక గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. అడగొచ్చో లేదో తెలియదు గానీ అడుగుతున్నాను. మాట పట్టేసినప్పుడు అందివ్వాలా, ఊరుకోవాలా? ఎటు చూడాలి?

గోరువంక

అడగొచ్చండీ, అడగడమే నయం. నా మటుకు నేను చెబుతాను, అందరికీ ఇదే వర్తించాలని లేదు. నా వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. చాలాసార్లు తప్పు మాట అందిస్తారు, నేను మళ్ళీ వెనక్కి రావాల్సివస్తుంది. "నెమ్మదిగా, ఊపిరి తీసుకుని చెప్పండి" అనకండి. అది నాకు తెలియనిది కాదు, అంటే ఇంకా బిగుసుకుంటుంది. మామూలుగా ఎవరితో మాట్లాడితే ఎటు చూస్తారో అటే చూడండి. నేను చెప్పినది అర్థం కాకపోతే అర్థమైనట్టు తలూపకండి, మళ్ళీ అడగండి. తలూపడం అన్నిటికంటే ఎక్కువ బాధిస్తుంది.

పాతపలక

గోరువంక గారి మాటలకి బలం చేకూర్చే ఒక చరిత్ర చెబుతాను. ఇది సహనానికీ గౌరవానికీ బయట ఉన్న మూడోదాని గురించి, అంటే గౌరవం లేని దయ గురించి.

1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల విద్య మీద అంతర్జాతీయ మహాసభ జరిగింది. పిల్లలకి సంజ్ఞా భాషలో కాకుండా నోటితో మాట్లాడించే పద్ధతిలోనే చదువు చెప్పాలని తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళలో దాదాపు అందరూ వినగలిగినవాళ్ళే. వాళ్ళెవరూ ఆ పిల్లల్ని ద్వేషించలేదు. వాళ్ళని తమలాంటివాళ్ళుగా చేయాలని మనస్ఫూర్తిగా కోరుకున్నారు. ఫలితంగా ఎన్నో దేశాల్లో తరగతి గదుల్లోంచి సంజ్ఞా భాషని తరిమేశారు. చేతులతో మాట్లాడితే పిల్లల్ని శిక్షించిన బడులున్నాయి. బధిరులైన ఉపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పిల్లలు తమ చుట్టూ ఉన్నవాళ్ళ మాటా పూర్తిగా పట్టుకోలేక, తమ భాషా తమకి దక్కక, ఏ భాషా నిండుగా లేకుండా పెరిగారు. అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో సమావేశమై ఆ పాత తీర్మానాల్ని తిరస్కరించి, జరిగిన హానికి విచారం తెలిపింది. మధ్యలో 130 ఏళ్ళు.

నల్లకోటు గారు అన్నట్టు సహనం ఉండి ఉంటే, అంటే "మాకు నచ్చకపోయినా మీ భాష మీరు మాట్లాడుకోండి" అని వదిలేసి ఉంటే ఆ పిల్లలకి అంత నష్టం జరిగేది కాదు. ఆ మేరకు ఆయనతో నేను ఏకీభవిస్తాను. కానీ "మీకు ఏం కావాలో మీరే చెప్పండి" అని అడిగి ఉంటే ఆ తీర్మానమే వచ్చేది కాదు. సహనం అడగదు. అది దాని పెద్ద లోటు.

శిలాలేఖ

ఈ చర్చ చాలామటుకు యూరప్ చుట్టూ తిరుగుతోంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు తన పన్నెండో శిలాశాసనంలో సరిగ్గా ఈ సమస్యే రాయించాడు. అన్ని మతశాఖలవాళ్ళనీ, సన్యాసుల్నీ గృహస్థుల్నీ, దానాలతో సత్కరిస్తానంటూ మొదలుపెట్టి, దానాల కంటే ప్రతి శాఖలోనూ సారం పెరగడం ముఖ్యమంటాడు. దానికి మూలం మాటని అదుపులో పెట్టుకోవడం. సందర్భం లేకుండా తన శాఖని పొగిడి పరుల శాఖని కించపరచకూడదు, పర శాఖల్ని గౌరవించాలి, అలా చేస్తే తన శాఖకీ మేలే, చేయకపోతే తన శాఖకే ముప్పు అంటాడు. ఒకరి ధర్మం ఒకరు వినాలి, నలుగురి మాటా విని తెలుసుకున్నవాళ్ళు కావాలి అంటాడు. "సమవాయమే మంచిది", అంటే కలిసిమెలిసి ఉండటమే మంచిది, అన్నది ఆ శాసనంలోని మాటే.

గోరువంక గారి మాటకి ఇది ఎదురు నిలుస్తుందని మొదట అనుకున్నాను, మాట అదుపు అంటున్నాడు కదా అని. కానీ శాసనం విమర్శని నిషేధించలేదు. సందర్భం ఉంటే విమర్శించవచ్చు, తేలిగ్గా, మితంగా విమర్శించాలి అంటుంది. పైగా వినడం తప్పనిసరి చేస్తుంది. నా దృష్టిలో ఇది సహనం కాదు, గౌరవమే. పరుల దగ్గర నేర్చుకోదగ్గది ఉందని ఒప్పుకుంటే తప్ప వాళ్ళ ధర్మం వినమని చెప్పరు.

తెరచాప

శిలాలేఖ గారూ, ఆ పక్కనే ఉన్న పదమూడో శాసనం కూడా చదవాలి. కళింగ యుద్ధానికి పశ్చాత్తాపపడినట్టు చెప్పినది అదే. అందులోనే అడవి ప్రజలకి హెచ్చరిక ఉంది. రాజు పశ్చాత్తాపపడుతున్నా ఆయనకి బలం ఉంది, మీరు మీ పనులకి సిగ్గుపడండి, లేకపోతే ప్రాణాలకి ముప్పు అన్న అర్థంలో. వాదించగలిగిన పండిత శాఖలకి గౌరవం, అడవిలో ఉన్నవాళ్ళకి షరతులతో కూడిన సహనం. ఒకే మనిషి, ఒకే కాలం. అశోకుడి గొప్పతనం నేను తగ్గించడం లేదు, అంత గొప్ప మనసు కూడా తన పాలన కిందికి పూర్తిగా రానివాళ్ళ దగ్గర ఆగిపోయిందని చూపిస్తున్నాను. మన గౌరవం ఎవరి దగ్గర ఆగిపోతోందో చూసుకుంటే చాలు, మిగతా సిద్ధాంతం అక్కర్లేదు.

ఏకాంతవాసి

గోరువంక గారి సంగతి చదివాక ఒకటి అడగాలనిపించింది. ఆ మీటింగుల్లో నేను ఉంటే ఏం చేసేవాణ్ణి? బహుశా పట్టించుకోకుండా ఫోన్ చూసుకునేవాణ్ణి. అది సహనం కన్నా మేలా?

గోరువంక

అందరు మాట్లాడుతున్నప్పుడూ ఫోనే చూసుకుంటే నాకు ఏ బాధా లేదండీ. నేను మాట్లాడుతున్నప్పుడు మాత్రమే చూసుకుంటే ఉంది.

నల్లకోటు

గోరువంక గారూ, మీ అనుభవం నన్ను కదిలించింది. కానీ మీరు దాన్నుంచి తీసిన సూత్రాన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను.

మీ పై అధికారి మీతో విభేదించినప్పుడు మీ ఉద్యోగం పోలేదు. మీరు ఆ గదిలో ఉండటానికి అర్హులా కాదా అన్న ప్రశ్న అప్పటికే తేలిపోయి ఉంది. విభేదం గౌరవంగా అనిపించడానికి కింద ఆ నేల ఉండాలి. అది లేనివాళ్ళతో విభేదిస్తే అదే మాట దాడి అవుతుంది. ఇల్లు అద్దెకి దొరకని మనిషిని, బడిలో వెనక బెంచీకి తోసేసిన పిల్లవాణ్ణి పిలిచి "మీ నమ్మకాలతో నేను ఏకీభవించను, రండి వాదిద్దాం" అంటే అది గౌరవం ఎలా అవుతుంది?

నేను కోర్టులో రోజూ చూసేది ఇదే. "మేం వాళ్ళతో విభేదిస్తున్నామంతే" అనే మాట వెనక ఎన్నో పనులు జరిగిపోతాయి. అందుకే ముందు చెయ్యి ఆపమంటాను. గార్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లో ఒక సంగతి ప్రతిపాదించాడు. వేర్వేరు సమూహాల మనుషులు కలిసినంత మాత్రాన ఒకరి మీద ఒకరికి ఉన్న దురభిప్రాయాలు పోవు. కలిసినచోట ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, దాని కోసం కలిసి పనిచేయాలి, పైన ఉన్న అధికారమో చట్టమో దానికి అండగా ఉండాలి. ఆ అండ నా చేతిలో ఉంది, సమాన హోదా కొంతవరకూ నా చేతిలో ఉంది. మిగతాది మీలాంటివాళ్ళు, మీ పై అధికారి లాంటివాళ్ళు చేయాలి. కానీ వరస తప్పకూడదు.

తెరచాప గారి ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. దయగా ఇచ్చిన సహనానికీ హక్కుగా రాసిన సహనానికీ చాలా తేడా ఉంది. నేను సమర్థించేది రెండోదాన్నే.

గోరువంక

వరస గురించి మీరన్నది చాలామటుకు నిజం, నేల లేకుండా వాదన కుదరదు. కానీ ఆ నేల చదును చేసేది ఎవరితో మాట్లాడి? చట్టం రాసేటప్పుడే మమ్మల్ని పిలిచి, మేం చెప్పినదాన్ని కాదని, మళ్ళీ విని, అప్పుడు రాస్తే అది ఒకలా ఉంటుంది. మా మేలు కోరి మా పరోక్షంలో రాస్తే పాతపలక గారు చెప్పిన మిలాన్‌లా ఉంటుంది. మీరు గౌరవాన్ని రెండో మెట్టు అంటున్నారు. మొదటి మెట్టు కట్టేటప్పుడే అది లేకపోతే, ఆ మెట్టు మా కాళ్ళకి సరిపోయేలా ఉండదు.

ఇల్లు దొరకని మనిషి ఉదాహరణ కూడా మళ్ళీ చూడండి. ఆ మనిషితో మతం గురించి వాదించమని నేను అనడం లేదు. ఏ ఇంటికి వెళితే ఏమన్నారు, ఏ నిబంధన మారితే ఇల్లు దొరుకుతుంది అని అడగమంటున్నాను. ఆయన చెప్పిన పరిష్కారం మీకు పనికిరానిదిగా తోస్తే ఆ సంగతి ఆయన మొహం మీదే చెప్పమంటున్నాను. మీ దగ్గరికి వచ్చే కక్షిదారులతో మీరు ఈ పని చేస్తున్నారా, లేక విని తలూపి, మీకు తెలిసిన వాదన మీరు రాసుకుంటున్నారా?

నల్లకోటు

కొందరితో చేస్తాను. తొందరలో ఉన్నప్పుడు, కక్షిదారు భయపడిపోయి ఉన్నప్పుడు చేయను, ఆ స్థితిలో ఉన్న మనిషి వాదనని కాదంటే కుప్పకూలిపోతాడు. అక్కడ ఊరుకోవడమే నాకు సరైనదనిపిస్తుంది, ఇప్పటికీ అనిపిస్తోంది. ఎప్పుడు కాదనాలో తేల్చాల్సింది ఎవరు, నేనా ఆయనా అన్నదే మన మధ్య మిగిలిన తగాదా అనుకుంటాను.

గోరువంక

ఆయన. అడిగి తెలుసుకోవచ్చు కదండీ.